చెక్కబాట కింది బుడగలు

“మీరు చెరువులో పడిపోతే మేం ఎవరికి ఫోన్ చెయ్యాలి?”

విశ్వవిద్యాలయ భద్రతాధికారి మొహమాటం లేకుండా అడిగాడు. బయట ఒంటరిగా పనిచేసే వాళ్లందరినీ పిలిచి ఇదే ప్రశ్న అడగడం ఆయన ఉద్యోగం. ఎదుటి కుర్చీలో కూర్చున్నావిడ తన ల్యాబు నంబరు చెప్పింది.

“ల్యాబులో ఎవరుంటారండీ?”

“నేనే.”

“మునిగిపోయిన మనిషి ఫోనెలా ఎత్తుతుందమ్మా?”

ఆవిడ నవ్వేసి, అక్క నంబరు కోసం సంచిలో వెతికింది. ఆ నంబరు నోటికి రాదు. అక్కకి ఊరి అవతలి కొసన బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం ఉంది. ఇద్దరూ ఒకే బస్సు దారిలో ఉంటారు. కానీ ముందు ఎవరు ఫోన్ చేస్తారో చూద్దామని పంతాలకు పోయి నెలలు గడిపేశారు. ఏ గొడవ మీద మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు. అలాంటి గొడవలే ఎక్కువకాలం మన్నుతాయి.

చెరువుగట్టు మీద నడకకు వచ్చేవాళ్లు ఆమెను బుడగల మేడం అంటారు. అసలు పేరేమిటో తెలుసుకోవాలన్న దురద వాళ్లలో ఎవరికీ లేదు. వయసు యాభై దాటింది. డాక్టరేటు ఉంది, పర్మనెంటు పోస్టు లేదు. కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా అన్న ఊగిసలాటలోనే జుట్టు నెరిసింది. ఉండేది ఒక మేడ మీది గది. మంచం, స్టవ్వు, ఒకే ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనాలని ఒకప్పుడు అనుకుంది. ఎవరు కూర్చుంటారని తనను తానే అడిగి మానేసింది.

ఆమె పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి కాదు. ఆకులూ పాచీ మురుగూ చెరువు అడుగుకు చేరి, గాలాడని బురదలో కుళ్లి, మీథేన్ అనే వాయువును పుట్టిస్తాయి. అది బుడగలుగా పైకొచ్చి ఆకాశంలో కలిసి ఎండవేడిని పట్టి ఉంచుతుంది. అలాగని చెరువు పాపిష్ఠిది కాదు, ఎంతో కర్బనాన్ని తన బురదలోనే దాచి పెడుతుంది కూడా. వచ్చేదెంత, దాగేదెంత అన్నదే లెక్క. నీటి మీద ఒక ప్లాస్టిక్ గిన్నె బోర్లించి, దాని కింద చేరిన గాలిని సిరంజితో కొంచెం కొంచెంగా తీసి, చిన్న సీసాల్లో నింపి, ల్యాబులో యంత్రానికి ఎక్కించాలి. చెరువులు తల్లుల్లాంటివని వ్యాసాలు రాసేవాళ్లు చెరువు దగ్గర ఎక్కువసేపు కూర్చోరు. వాసన వేస్తుంది. బుడగల మేడం ఏనాడూ చెరువును తల్లి అనలేదు. ఆమెకు అది పనిచేసే చోటు.

ఒకప్పుడు ఆ పనికి ఇద్దరు ఉండేవారు. పడవ పెద్దాయన తెడ్డు శబ్దం కాకుండా పడవను గిన్నె దగ్గరికి చేర్చేవాడు. గాలి ఆగేదాకా ఆగేవాడు, “ఇప్పుడు తియ్యమ్మా” అనేవాడు. రోజుకు అంతకు మించి మాట్లాడేవాడు కాదు. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవరినీ వెయ్యలేదు. మనిషి లేక పడవ గట్టు మీదే ఎండింది. వాడని పడవ ఎందుకని ఆడిటరు దాన్ని తుక్కుకింద రాశాడు. మరుసటి ఏడు, పడవే లేనప్పుడు పడవ మనిషి ఎందుకని పోస్టునే ఎత్తేశారు. తిలా పాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్లకు సబబుగానే తోచింది.

ఆమె ఊరుకోలేదు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పాత చెక్కలు సంపాదించి, బురదలో గుంజలు పాతించి, గట్టు నుంచి చెరువు మధ్యదాకా చెక్కబాట వేయించుకుంది. ఇక పడవతో, తెడ్డుతో, ఇంకో మనిషితో పని లేదు. నడిచి వెళ్లి, కొసన కూర్చుని, చెయ్యి చాపితే గిన్నె అందుతుంది. అంత గర్వంగా ఆమె ఇంకేదీ కట్టించుకోలేదు.

ఆ ఏడాది ఎండలు మండిపోయాయి. చెరువులోంచి వచ్చే వాయువు లెక్క పెరిగింది. మరుసటి ఏడూ తగ్గలేదు. నీరు వేడెక్కుతోంది, మురుగు ఎక్కువవుతోంది, అందుకే చిన్న చెరువులు మనం అనుకున్నదానికి రెట్టింపు పైన వాయువు వదులుతున్నాయని ఆమె వ్యాసం రాసింది. పేరున్న పత్రికలో అచ్చయింది. ఇన్నేళ్లూ ఆమెను చూసి తలాడించి పోయిన విభాగాధిపతి, ఆమె కన్నా పదేళ్లు చిన్నవాడు, మొదటిసారి ఆమె గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

“ఈసారి మీ పోస్టు పర్మనెంటు చేయించే పూచీ నాది మేడం. ఈ పేపరు చాలు.”

పేపరుకు ఊళ్లోనూ గిరాకీ పెరిగింది. ‘బస్సు డిపో కన్నా ఈ చెరువే ప్రమాదం’ అని ఒక దినపత్రిక రాసింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్న తీరుగా, నగరపాలక ఇంజనీరు వెంటనే చెరువును పూడ్చి వాహనాల పార్కింగు కట్టే ప్రతిపాదన పైకి తీశాడు. పాత ప్రతిపాదనే, దానికి ఇప్పుడు సైన్సు దొరికింది. మరో పక్కన చెరువు మిత్రుల సంఘం అధ్యక్షుడు, రిటైరైన బ్యాంకు మేనేజరు, అదే అంకె పట్టుకుని చెరువు జబ్బుపడిందని, బాగుచేయడానికి నిధులివ్వాలని అర్జీ పెట్టాడు. చంపుతామన్నవాళ్లూ బతికిస్తామన్నవాళ్లూ ఒకే అంకె మీద నిలబడ్డారు. బహిరంగ విచారణకు తేదీ పడింది. బుడగల మేడం సాక్ష్యం చెప్పాలి. పర్మనెంటు పోస్టు ఫైలు కూడా ఆ విచారణ తర్వాతే కదులుతుంది.

విచారణకు ఇంకా కొన్ని వారాలు ఉండగా ఆమె మేడమెట్ల మీద జారింది, పాదం మడత పడింది. మర్నాడు కొలతల రోజు. కట్టుతో చెక్కబాట మీద నడవలేదు. చెక్కబాట వేశాక ఒక్క కొలతా తప్పలేదు, తప్పడం ఆమెకు ఇష్టం లేదు. పంతం మింగి అక్కకి ఫోన్ చేసింది.

“ఏమే, బతికే ఉన్నావా?”

“ఉన్నానక్కా. కాలు మడత పడింది.”

“మడత పడితే తీసుకురా, ఇస్త్రీ చేసి పంపిస్తా.”

“అక్కా, ఒక్క పొద్దుట పూట సాయం కావాలి.”

అవతల కాసేపు ఇస్త్రీపెట్టె చప్పుడు వినిపించింది. “నువ్వు నా మీద అలగడం చెరువు మీద అలిగి కడుక్కోకుండా పోయినట్టుంటుందే. నష్టం ఎవరికి? సరే, ఎన్నింటికి రమ్మంటావు?”

అక్క వచ్చింది, చెరువును చూసింది, చెక్కబాటను చూసింది. “నాకు ఈత రాదు. ఆ చెక్కల మీద అడుగు పెట్టను. పెట్టమన్నావంటే ఇటు నుంచి ఇటే పోతాను” అని గట్టు మీద చతికిలబడింది.

గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో గిన్నెను లాక్కోవడానికి, బట్టలారేసే తాడులా ఒక తాడును చివరి గుంజ చుట్టూ తిప్పి రెండు కొసలూ గట్టు మీద కట్టి ఉంచింది మేడం. ఆ తాడుతో గిన్నెను నీళ్ల మీదికి జార్చవచ్చు. గిన్నెకు ఒక పొడవాటి సన్నని గొట్టం తగిలిస్తే గట్టు నుంచే గాలి తీయవచ్చు. కాకపోతే ఒకరు తాడు కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు గొట్టంలోని పాత గాలి వదిలించి సిరంజి లాగాలి. ఇద్దరి పని. అందుకే ఇంతకాలం ఆ ఆలోచనే చెయ్యలేదు.

అక్క తాడు పట్టుకుంది. తడిబట్టలు మోసిన చేతులు, తాడు బిగువుగా నిలిచింది.

“ఎంతసేపే?”

“గాలి చేరాలి.”

“గాలి కోసం ఇలా కూర్చునే పనికి నీకు జీతమిస్తున్నారా? నా దుకాణం మూయించి మరీ!”

మధ్యాహ్నానికి పని అయింది. సీసాలు యంత్రానికి ఎక్కాయి. మర్నాడు వచ్చిన అంకె చూసి ఆమె మొదట యంత్రాన్ని అనుమానించింది. మామూలుగా వచ్చేదాంట్లో మూడో వంతు కూడా లేదు. యంత్రం బాగానే ఉందని తేలాక అక్కను అనుమానించింది.

“గొట్టం ఎక్కడైనా నలిపావా?”

“నేను తాడు పట్టుకున్నానే, నీ గొట్టం జోలికి పోలేదు.”

“తాడు వదిలేశావేమో.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ లెక్క కుదరకపోతే నేనా దొరికాను?” అక్క ఫోను పెట్టేసింది.

గట్టు మీదికి ఒక కుర్చీ తెప్పించుకుని, తాడు కొస దాని కాలికి కట్టి, అందులో తానే కూర్చుని, సిరంజి నోటితో పట్టి, చేతులతో గొట్టం సరిచేసుకుంటూ, నానా అవస్థా పడి ఇంకోసారి కొలిచింది. మళ్లీ అంతే వచ్చింది. ల్యాబుగోడ మీద ఏళ్ల తరబడి తీసిన కొలతల గీత ఉంది. దాని ఎదుట కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. గీత ఎక్కడ లేచిందో ఆమెకు తెలుసు, ఎండలు మండిన ఏడు. ఆ ఏడు ఎండలు కాక ఇంకేం జరిగింది? చెక్కబాట వేశారు.

పడవ బురదను తాకదు. గుంజలు తాకుతాయి. ఆమె నడిచిన ప్రతిసారీ ఆమె బరువు చెక్కల్లోంచి గుంజల్లోకి, గుంజల్లోంచి బురదలోకి దిగింది. బురదలో చిక్కి ఉన్న వాయువు నొక్కుడుకు పైకొచ్చింది. ఆమె కొసదాకా వెళ్లి కూర్చోగానే చుట్టూ బుడగలు లేచేవి. వాటిని చూస్తే ఆమెకు ఏదో ధైర్యంగా ఉండేది. ఎవరూ పలకరించని రోజుల్లో, రాగానే ఎవరో తలెత్తి చూసినట్టుండేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేంత గొప్ప సంగతీ కాదు. కొలిచిందంతా చెరువు ఊపిరి కాదు, చాలామటుకు తన అడుగుల చప్పుడు. ఎండలు అదే ఏడు మండకపోయి ఉంటే అప్పుడే అనుమానం వచ్చి ఉండేది. కారణం ఎదురుగా దొరికితే పక్కన ఇంకో కారణం కోసం ఎవరు వెతుకుతారు?

అనుకుంటే చాలదు, తేల్చాలి. గట్టు నుంచి కొలుస్తూ ఉండగా ఇంకొకరు చెక్కబాట మీద నడవాలి. ఆ ఇంకొకరు ఎవరని ఆమె రెండు రోజులు ఆలోచించింది. విద్యార్థులు సెలవుల్లో ఉన్నారు. గట్టు మీది వాళ్లకు పేరు కూడా తెలియదు. మళ్లీ అక్కకే ఫోన్ చేసింది.

“తప్పు నాదే అక్కా. గొట్టం బాగానే ఉంది. తాడూ బాగానే పట్టుకున్నావు.”

“ఆ సంగతి నాకు తెలుసుగా, మధ్యలో నువ్వు చెప్పేదేంటి?”

“ఈసారి చెక్కల మీద నడవాలి.”

అక్క ఫోనులోనే నాలుగు తిట్లు తిట్టింది. మర్నాడు చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, బాట పక్కన ఊతంగా కట్టిన కర్రను రెండు చేతులా పట్టుకుని, కళ్లు సగం మూసుకుని చెక్కబాట ఎక్కింది. రెండో గుంజ దాటగానే ఆమె కాళ్ల కింద నీళ్లు గుడగుడమన్నాయి.

“ఒసే! ఇది వాంతి చేసుకుంటోందే!”

“నడువక్కా, ఆగకు. కొసదాకా వెళ్లి కూర్చో.”

“కూర్చోవాలా! పడితే నువ్వు దూకుతావా, గొట్టం పట్టుకుని కూర్చుంటావా?”

“దూకుతాను. నాకు ఈత వచ్చుగా.”

“ఒంటికాలితోనా!”

అక్క కొసన కూర్చుంది. గిన్నె చుట్టూ బుడగలు వరసలు వరసలుగా లేచాయి. చెల్లెలు గట్టు మీంచి సిరంజి లాగింది. తిరిగి వచ్చాక అక్క మొహం తుడుచుకుంటుంటే అడిగింది. “బరువెంత అక్కా?”

“ఎందుకే?”

“రాయాలి.”

“అచ్చులో వేస్తావా? అయితే నీ బరువే రాసుకో.”

అక్క నడిచినప్పుడు అంకె మళ్లీ పాత ఎత్తుకు పోయింది. తర్వాత బాట మీద ఎవరూ లేకుండా కొలిస్తే పడిపోయింది. ఇక తేలాల్సింది చెరువు గురించి కాదు, తన గురించి. వ్యాసం తప్పని విచారణకు ముందే చెబితే పోస్టు పోతుంది. చెప్పకపోతే తన అంకెతోనే చెరువును పూడుస్తారు.

విభాగాధిపతి దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పింది. ఆయన తెలివైనవాడు, సగంలోనే అర్థమైంది.

“సవరణ వేద్దాం మేడం, తప్పకుండా వేద్దాం. మీ ఫైలు సంతకమయ్యాక వేద్దాం. ఒక్క మూడు నెలలు.”

“విచారణ వచ్చే వారమండీ.”

“విచారణలో మిమ్మల్ని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. అడగని ప్రశ్నకి జవాబెందుకు చెప్తారు?”

గట్టు మీద సంఘం అధ్యక్షుడు ఎదురొస్తే ఆయనకూ చెప్పింది. సంతోషిస్తాడనుకుంది. చెరువుకు జబ్బు లేదని చెప్పడం మంచివార్తే కదా. ఆయన మొహం మాడిపోయింది.

“జబ్బు లేకపోతే మందుకి డబ్బులెవరిస్తారమ్మా? నాలుగేళ్లుగా తిరుగుతున్నాం. ఇప్పుడొచ్చి చెరువు బాగానే ఉందంటే మా గతేం కాను?”

“పూడ్చేస్తే అసలేమీ మిగలదు కదండీ.”

“పూడ్చరు. మేమున్నాంగా” అన్నాడాయన. ఆ మాట అన్నవాళ్లు పూడ్చే రోజున ఎక్కడుంటారో ఆమె ఊహించుకోగలదు. చెరువును ప్రేమించేవాళ్లకు చెరువు రోగిగా ఉంటేనే ముద్దు.

ఆ వారమంతా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడదామనుకుంటే ఎవరితో అన్నది తేలలేదు. చెరువును చంపేవాళ్లు ఆమెతో లేరు, బతికించేవాళ్లూ లేరు, జీతమిచ్చేవాళ్లూ లేరు. యంత్రం మాత్రం ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు చెప్పింది. విచారణకు ముందురోజు పత్రికకు ఉత్తరం రాసి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పంపేసింది. పంపాక టీ పెట్టుకుంది, తాగడం మర్చిపోయింది.

విచారణ నగరపాలక సంస్థ హాల్లో జరిగింది. పంకాలు తిరుగుతున్నాయి కానీ గాలి లేదు. ఆమె వంతు రాగానే లేచి, తాను కొలిచిన తీరు తప్పని, చెక్కబాట మీద తన బరువు వల్లే బుడగలు ఎక్కువయ్యాయని, సరిగ్గా కొలిస్తే ఈ చెరువు వదిలేది మూడో వంతేనని చెప్పింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇంజనీరు కళ్లజోడు సవరించుకున్నాడు.

“అంటే మేడం, చెరువులోంచి అంత గాలి రావడానికి కారణం మీరా?”

అందరూ నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు.

“అవునండీ” అంది ఆమె. “నేను దగ్గర లేనప్పుడు అది బాగానే ఉంటుంది.”

మళ్లీ నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదు. ఇంజనీరు ఆ మాటను రికార్డులోకి ఎక్కించమన్నాడు. అలా చెరువు బాగానే ఉందన్న మాట కాగితం మీదికెక్కింది. అదొక్కటీ ఆయన చేసిన మేలు, తెలిసి చేశాడని అనుకోను.

పార్కింగు ప్రతిపాదన ఆగింది. ఆమె మాట వల్లే ఆగిందని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆధారంగా చూపిన వ్యాసమే లేకపోవడంతో ఫైలు వెనక్కి వచ్చింది, వచ్చిన ఫైలును మళ్లీ పైకి పంపే ఓపిక ఎవరికీ లేకపోయింది. చెరువు మిత్రుల సంఘం ఇంకో ఊరి చెరువుకు మారింది. పర్మనెంటు ఫైలు కదల్లేదు, కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. విభాగాధిపతి వీడ్కోలు సభ పెడతానన్నాడు. ఆమె వద్దంది.

ల్యాబు తాళాలు ఇచ్చేసిన సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “ఇక పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తావే?”

“చెరువు దగ్గరికే.”

“జీతం లేకుండానా? అక్కడేం చేస్తావు?”

“గట్టు మీద దూరంగా కూర్చుంటాను.”

“పిచ్చిదానా. దుకాణానికి రా. బటన్లు కుట్టడానికి మనిషి లేదు.”

“చూస్తాలే అక్కా.”

ఆమె ఇంకా వెళ్లలేదు. పొద్దుట గట్టు మీద కూర్చుంటుంది. చెక్కబాట మీద అడుగు పెట్టదు. నీళ్లు కదలకుండా ఉంటాయి. ఎప్పుడైనా ఎక్కడో ఒక బుడగ లేస్తుంది, దానితో ఆమెకు ఏ సంబంధమూ ఉండదు. నడకకు వచ్చేవాళ్లు ఇప్పటికీ బుడగల మేడం అనే అంటారు.

ఆ పత్రికలో వ్యాసం అచ్చు వేయించుకోవాలంటే రచయితలే రుసుము కట్టాలి. విభాగంలో నిధుల్లేవంటే ఆమె ఉద్యోగుల పరపతి సంఘంలో అప్పు తీసుకుని కట్టింది. వ్యాసం వెనక్కి తీసుకున్నా రుసుము వెనక్కి రాదని పత్రికవాళ్లు మర్యాదగా జవాబు రాశారు. అప్పులో ఇంకా పదకొండు వాయిదాలు బాకీ ఉన్నాయి.